పన్నెండు కుంపట్ల కోసం ట్వంటే దాకా

కాలువ చూడ్డానికో, కుమ్మరుల పాకలు చూడ్డానికో చాలామంది ట్వంటే వెళతారు. నేను కోపం వచ్చి వెళ్ళాను. రంగూను నుంచి అక్కడికి పోయి ఒక్క పగటిలో తిరిగి రావాలనుకునేవారికి పనికొస్తాయని దారీ వేళలూ రాస్తున్నాను. ఎందుకు వెళ్ళానో చెప్పకుండా దారి ఒక్కటే చెప్పడం మాత్రం నాకు చేతకావడం లేదు.

రంగూనులో సంచౌంగ్ పేట అవతల ఓడరేవు కూలీల పాకలు ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం తగలబడ్డాయి. పన్నెండు కుటుంబాలు, అందరూ విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసి, ఆ స్థలంలోనే వెదురు ఇళ్ళు కట్టించారు. గుంజల మీద ఎత్తుగా, వెదురు నేల, తడికె గోడలు. బాగానే కట్టారు, అది ఒప్పుకోవాలి. ఇళ్ళలో సామాను సర్దడానికి మనుషులు కావాలంటే, బియ్యం మిల్లులో నా తూకం పని అయిపోయాక నేనూ పోయాను. మూడు సాయంత్రాలు బండ్ల మీంచి సామాను దించాం. ఇంటికి ఒక బల్ల, రెండు కుర్చీలు, టోపీలు తగిలించుకునే కొయ్య ఒకటి. ఏదో దొరల క్లబ్బువాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి ఇచ్చేశారట. టోపీ పెట్టుకునే మనిషి ఆ పన్నెండు ఇళ్ళలో ఒక్కడూ లేడు. నేను ఇరవై నాలుగు కుర్చీలు మోయించి, జాబితాలో టిక్కు పెట్టాను. ఇవి మీకు కావాలా అని ఎవరినీ అడగలేదు.

నాలుగో రోజు, శుక్రవారం, సాయంత్రం వెళ్ళేసరికి ఇళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. జనమంతా ఎదురుగా, ఇన్నాళ్ళూ తలదాచుకున్న పాత తెరచాప గుడ్డ కిందే, పిల్లాజెల్లాతో కూర్చుని ఉన్నారు. ఒకటో నంబరు ఇల్లు పోలమ్మది. నలభై ఏళ్ళుంటాయి, రేవులో బొగ్గు తట్టలు మోస్తుంది. కుర్చీలు బాగాలేవా అని అడిగాను.

"కూసుంటే కాళ్ళు యాలాడతన్నాయి బావు. నానేటి దొరసాన్నా?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "పాలు పొంగించకండా కొత్తింట్లో తొంగుంటావా నువ్వయితే? ఆ పాత పాకలోకి అలగే ఎల్లిపోనాం, వాన వొచ్చెత్తందని తొందరపడిపోనాం. ఏటయ్యింది? సూసినావు గదా. నా మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడు, కాళ్ళు రొండూ కాలిపోనాయి. సోమారం ఇంటికి ఒగ్గెత్తారట. పాలు పొంగని కొంపలోకి ఆడిని మల్లీ ఎక్కించను."

"మరి పొంగించు."

"ఏటి మీద?"

అప్పుడు చూశాను. పన్నెండు ఇళ్ళలో ఒక్క పొయ్యి లేదు, ఒక్క కుండ లేదు. వెదురు నేల మీద పొయ్యి పెట్టకూడదని సంఘం ఆజ్ఞ. అందరికీ కలిపి వెనకాల ఒక వంటపాక వేస్తామన్నారు, దానికింకా గుంజలు కూడా పాతలేదు. ఆ గంటలోనే సంఘం కార్యదర్శి గుర్రపు బండి దిగాడు. విషయం చెప్పాను. ఇంట్లో నిప్పు రాజేస్తే మళ్ళీ తగలబడదా అన్నాడు. అది న్యాయమైన మాటే. కింద ఇసుక పోసి కుంపటి పెట్టుకుంటేనో అని అడిగాను. "కుంపటికి అభ్యంతరం లేదు. కానీ అది మా జాబితాలో లేదు. ఇల్లిచ్చాం, సామానిచ్చాం. మిగతాది వాళ్ళు చూసుకుంటారు," అన్నాడు. బండి ఎక్కుతూ అందరికీ వినబడేటట్టు ఇంకో మాట చెప్పాడు. "రేపు సాయంత్రం అయిదింటికి వస్తాను. కాపురం పెట్టని ఇల్లు కనిపిస్తే తాళం వేసి ఇంకొకరికిస్తాను. కావాలనేవాళ్ళకి కొదవ లేదు."

బజారుకు పోయాను. కుంపట్లు నాలుగే ఉన్నాయి, ధర మూడింతలు చెప్పాడు. "కాలిపోయినవాళ్ళకేనా? అయితే కొనక తప్పదుగా," అని దుకాణదారు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మిల్లులో తోటివాళ్ళు తలా కొంత వేసుకుంటే పద్నాలుగు రూపాయలు పోగయ్యాయి. శనివారం సెలవు చెప్పి, అయిదింటిలోపు కుంపట్లు తెస్తానని పోలమ్మకు కబురు పెట్టి, ట్వంటే బయలుదేరాను.

ట్వంటే లాంచి తెల్లవారుజామున అయిదున్నరకి కదులుతుంది. కిందితట్టులో మనిషికి ఆరణాలు. పావుగంట ముందు పోతే గట్టువైపు కూర్చోవచ్చు, లేకపోతే కోళ్ళ గంపల మధ్య నిలబడాలి. నది దాటి కాలువలోకి తిరగడానికి గంట, ఆ పైన రెండు గంటలు. రెండు వైపులా కోతలైపోయిన వరిచేలు, గేదెలు, మధ్యమధ్య తెల్లటి పగోడా శిఖరం. చూడదగ్గ కాలువే. నేను సరిగ్గా చూడలేదు. జేబులో కార్యదర్శి ఇచ్చిన సామాను జాబితా ఉంది. బల్లలు పన్నెండు, కుర్చీలు ఇరవై నాలుగు, కొయ్యలు పన్నెండు. దారి పొడుగునా దాన్నే మళ్ళీమళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకి దిగాను. రేవు గట్టు మీద ఒకామె చేపల పులుసులో సన్న సేమ్యా వేసి ఇస్తుంది, అణా. వేడిగా ఉంటుంది, తిని పోవడం మంచిది. అక్కణ్ణుంచి కుమ్మరుల పాకలకు ఎడ్లబండి నాలుగణాలు, నడిస్తే అరగంట. దా మ్యా అని అరవై ఏళ్ళ బర్మా ఆవిడ దగ్గర కొన్నాను. నోట్లో పొగచుట్ట తీయకుండానే మాట్లాడుతుంది. నాకు బర్మా భాష బజారు మాటల వరకే వచ్చు, అది చాలింది.

"నేల మట్టిదా, వెదురుదా?" అని మొదట అడిగింది.

"వెదురు."

చేతిలో ఉన్న కుంపటి పక్కన పెట్టేసి, లోపలికి పోయి అడుగు మందంగా ఉన్నవి తెచ్చింది. "ఇంటికి ఎంతమంది తింటారు?"

నాకు తెలియదన్నాను.

"పన్నెండు ఇళ్ళకు కొంటున్నావు, తినేవాళ్ళెందరో తెలీదా? నువ్వు మొగాడివి గనక సరిపోయింది," అని పాకలో అందరికీ వినబడేలా నవ్వింది. నాకు తలకొట్టేసినట్టయింది. కుర్చీలెన్నో అడిగితే నిద్రలో లేపినా చెప్పగలను. ఇన్ని రోజుల్లో, ఇంతమంది పెద్దమనుషుల్లో, అడగవలసిన మాట అడిగింది ఈ ఒక్క మనిషి. ఆమె ఆ ఇళ్ళు చూడలేదు, ఆ మనుషులను ఎరగదు.

పన్నెండు కుంపట్లు, పన్నెండు చిన్న కుండలు బేరమాడాను. "కుంపట్లు పదమూడు తీసుకో, బండివాళ్ళను నేనెరుగుదును," అని ఒకటి ఊరికే ఇచ్చింది. ఒక్కొక్కటి వేలి కణుపుతో కొట్టి మోగించి, గడ్డి చుట్టించింది. కట్టలు కడుతుండగా, "కాల్చడానికి ఏం పెట్టుకున్నారు, కట్టెలా, బొగ్గులా?" అంది.

"అది వాళ్ళు చూసుకుంటారు," అన్నాను.

ఆ మాట ఎవరిదో అప్పుడు నాకు తట్టలేదు.

తిరుగు లాంచి పదకొండింటికి. పోటు తీసిపోతున్న వేళ అది, ఎక్కేముందే తెలుసుకోవలసింది. కాలువ సగం దూరంలో లాంచి బురదలో కూర్చుంది. లాంచి నడిపే సరంగు చిట్టగాంగు మనిషి, హిందుస్తానీలో మాట్లాడాడు. నాకు అయిదింటిలోపు చేరాలయ్యా అంటే, "నాకూ చేరాలి బాబూ, నా భార్య కూడా చేరమనే అంటుంది. నీళ్ళు మాత్రం మా ఇద్దరి మాటా వినవు," అన్నాడు. మళ్ళీ కదలడానికి గంటన్నర పట్టింది. రంగూను రేవులో దిగేసరికి మూడున్నర దాటింది.

రేవు బయట సన్యాసి అని మన టెక్కలి వైపు బండివాడు దొరికాడు. సంచౌంగ్ దాకా పన్నెండణాలు.

"పెళ్ళా బావు? ఇన్ని కుంపట్లేటి?"

కాదని చెప్పాను.

"నెమ్మదిగా పోతే ఇరగవు. బేగి పోతే ఇరుగుతాయి. ఏది కావాల?"

"బేగి."

"అయితే నన్ననకు," అని ఎడ్లను అదిలించాడు. ఒక కుంపటి ఒక్కటే విరిగింది. దా మ్యా లెక్క సరిపోయింది.

నాలుగూ నలభైకి చేరాం. ఆడవాళ్ళు ఇళ్ళన్నీ తుడిచి, మెట్ల ముందు ముగ్గులు పెట్టి, కిరసనాయిలు డబ్బాల మూతల్లో ఇసుక పోసి సిద్ధంగా ఉన్నారు. పోలమ్మ చెంబులో పాలు పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉంది. కుంపటి ఇసుకలో పెట్టింది, కుండ కడిగింది, పాలు పోసింది, నావైపు చూసింది.

"బొగ్గులేవి బావు?"

తేలేదన్నాను. బొగ్గుల దుకాణం అక్కడికి మైలు. పుల్లా పుడకా ఏరుదామంటే, పెద్దలొస్తున్నారని కార్యదర్శి మనుషులు పొద్దున్నే వెదురు ముక్కలతో సహా అంతా ఊడ్చి పట్టుకుపోయారు. గుర్రపు బండి రావడానికి పావుగంటే ఉంది. ట్వంటేలో నేనన్న మాట కార్యదర్శిదేనని అప్పుడు తట్టింది. ఆయన మీద ఉన్న కోపమంతా ఒక్కసారి నా మీదికి తిరిగింది.

పోలమ్మ లోపలికి పోయింది. ఒక కుర్చీ కాళ్ళు పట్టుకుని బయటికి లాక్కొచ్చి, మెట్టుకేసి కొట్టింది. మూడో దెబ్బకు విడిపోయింది. పాత టేకు, బాగా ఎండి ఉంది. "ఇదిగో సూరమ్మా, ఈ కాలు నీకు. రాములమ్మా, ఈ సెయ్యి నీకు. పేము అందరికీ, ముట్టించడానికి," అని పంచిపెట్టింది. "మా టోపీ కొయ్య కూడా ఉందే," అని వెనకనుంచి ఎవరో అరిచారు. "తే, ఎవుడి టోపీ ఎగిరిపోద్దనీ!" అంది పోలమ్మ. అప్పుడు నవ్వింది, ఆ అయిదు రోజుల్లో మొదటిసారి.

అయిదింటికి బండి దిగిన కార్యదర్శి, వెంట ఇద్దరు పెద్దమనుషులు, వరసగా పన్నెండు గుమ్మాల్లోంచి పొగ వస్తుంటే చూస్తూ నిలబడ్డారు. పోలమ్మ ఇంట్లో పాలు అప్పుడే పొంగి కుండ మీదుగా కారుతున్నాయి. ఆయన పాలను చూడలేదు. బల్లను చూశాడు, కొయ్యను చూశాడు, కుర్చీ దగ్గర ఆగాడు.

"రెండోది ఏది?"

"పొయ్యిలో ఉంది బావు. ఇది మీకోసమే అట్టేపెట్టినాను. కూసోండి, పాలు తాగెల్దురు గాని."

ఆయన ముఖం ఎర్రబడింది. దానమిచ్చిన వస్తువు తగలబెట్టడమేమిటని కేకలేశాడు. నావైపు తిరిగి, "జాబితా తీయండి. ఒకటో నంబరు, కుర్చీ నష్టం, ఇల్లు రద్దు, రాయండి," అన్నాడు. పోలమ్మ గిన్నె కింద పెట్టేసింది. సోమవారం మొగుడు ఇంటికొస్తాడన్న మాట ఒక్కటే ఆమె ముఖంలో కనిపించింది.

నాకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. జాబితా, పెన్సిలు ఆయన చేతికే ఇచ్చాను. "మీరే రాయండి. ఈమె ఎదురుగా రాయండి. ఈ ఇంట్లో ఎంతమంది తింటారో మనం అడగలేదని కూడా రాయండి. బొగ్గులు నేను తేలేదని రాయండి," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగానే లేచినట్టుంది. పక్క గుమ్మాల్లో ఆడవాళ్ళందరూ పాల గిన్నెలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఆయన వాళ్ళవైపు ఒకసారి చూశాడు. ఏమీ రాయకుండా జాబితా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తాళం బండిలోనే ఉండిపోయింది.

మర్నాడు, ఇక నా సాయం అక్కరలేదని సంఘం నుంచి కబురొచ్చింది. పోలమ్మతో చెబితే, "జీతమిత్తారేటి ఆ పనికి?" అంది. లేదన్నాను. "మరింకేటి, జీతం నేని పని పోతే ఏడుత్తారేటి!" అంది. సోమవారం ఆమె భర్తను రిక్షాలో తెచ్చారు. కాళ్ళకు కట్లతో, కూర్చునే, వెనక్కి జరుగుతూ ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. లోపలికి చేరగానే కుంపటి వైపు చూసి, "పొంగినాయా?" అని అడిగాడు. పొంగినాయంది. ఆ రెండు పొడి మాటలు వినడానికే ఇంత తిరుగుడూ అని నాకు తెలిసింది.

కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు. ఆ సంఘంలోని వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇళ్ళు నిలబెట్టింది వాళ్ళే. తమ ఇంట్లో ఏది ఎక్కువైందో అదే ఎదుటివాళ్ళ ఇంట్లో తక్కువైందనుకున్నారు, అంతే. కానీ అలా అనుకోవడం వల్ల ఒక మనిషి ఇల్లు పోబోయింది. వాళ్ళను అనడం నాకు సులువే. మూడు సాయంత్రాలు ఆ గుడ్డ పక్కనుంచే కుర్చీలు మోయించుకుంటూ పోయినవాణ్ణి, అక్కడ ఒక్క నిమిషం కూర్చుని ఉంటే పోలమ్మ మొదటిరోజే చెప్పి ఉండేది.

ట్వంటే వెళ్ళేవారికి ఒక్కటే మాట. కుంపట్లు కొన్నాక తిరుగు లాంచి ఎక్కేముందు, రేవు గట్టున ఎడమచేతి వైపు బొగ్గులమ్మే పాక ఉంది. బుట్ట మూడణాలు. మరిచిపోకుండా కొనండి.