వెనక కారు, పక్కన అత్తగారు

పోయిన నెల ఒక ఆదివారం మా పెద్దమ్మాయి ఫోను చేసి, వేసవి సెలవులకు చిన్న మోటర్‌హోమ్ ఒకటి అద్దెకు తీసుకున్నామనీ, దాని వెనక తమ కారును కట్టుకుని వెళ్ళాలా, ఇంటి దగ్గరే వదిలి వెళ్ళాలా అన్నది తేలక మొగుడూ పెళ్ళాం తెగ వాదించుకుంటున్నామనీ చెప్పి, "అమ్మా, నువ్వే చెప్పు" అంది. నాకెంత సంబరం వేసిందో చెప్పలేను. ఈ మధ్య మా పిల్లలు నన్ను అడిగేవి రెండే రెండు ప్రశ్నలు, మందులు వేసుకున్నావా అన్నది ఒకటి, ఆవకాయలో ఉప్పెంత అన్నది రెండోది. అలాంటిది బండ్ల సంగతి నన్నడిగారంటే నాకింకా విలువ ఉన్నట్టే కదా! పక్క కుర్చీలో పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్న మా వారు కూడా ఆ మాట చెవిన పడగానే లేచి కూర్చుని, "కట్టుకెళ్ళమను, కట్టుకెళ్ళమను" అన్నారు. ఇన్నేళ్ళయినా ఆయన ఓటు మారలేదు.

మా ఇంట్లో ఈ తగవు కొత్తది కాదు మరి. ఎనభైల మొదట్లో మేము షికాగో శివార్లలోని షామ్‌బర్గ్‌లో ఇల్లు కొనుక్కున్న కొత్త, అప్పటికి మా వీధి చివర మొక్కజొన్న చేను ఉండేది, కొత్తిమీర కట్ట కావాలంటే షికాగో దాకా పోవాలి, రోడ్డు మీద చీర కట్టుకున్న మనిషి కనపడితే కారాపి పలకరించే రోజులు. మన వయసువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడు వేసవిలో మా అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చారు. ఆవిడ తన చేత్తో వండుకున్నది తప్ప ఇంకొకరు వండింది ముట్టరు, మడి కట్టుకోనిదే పొయ్యి వెలిగించరు, గొట్టంలోంచి వచ్చే నీళ్ళు సరాసరి తాగరు, స్వయంగా పట్టి మూతపెట్టుకున్న బిందెలో నీళ్ళే కావాలి. విమానంలో రెండు రోజులూ అరటిపళ్ళతో వచ్చిన మనిషిని హోటళ్ళలో దింపుతూ అమెరికా ఎలా చూపించగలం? నాలుగు రోజులు వరసగా ఇల్లు విడిచి వెళ్ళే వీలే లేదు.

ఆవిడ కూడా ఏమీ కోరలేదు. కోరింది ఒక్కటే. మా వంటింటి గోడ మీద బ్యాంకువాళ్ళిచ్చిన కాలెండరులో ఎక్కడో పడమటనున్న యెల్లోస్టోన్ పార్కు బొమ్మ ఒకటి ఉండేది, నేలలోంచి వేడినీళ్ళు తాటిచెట్టంత ఎత్తు ఎగజిమ్ముతున్న బొమ్మ. దాని ముందు నిలబడి కూర తరుగుతూ, "ఇది నిజంగా ఉందంటావా అమ్మాయ్, ఎక్కడుందీ?" అని అడిగారు ఒకరోజు. ఆ నెల అయిపోయినా కాలెండరు కాగితం తిప్పనివ్వలేదు. అది చాలదూ మా వారికి? వాళ్ళ ఆఫీసులో ఒకాయన అమ్మేస్తున్న పాత మోటర్‌హోమ్ కొని వాకిట్లో నిలబెట్టారు. చిన్న జపాన్ పికప్పు వీపు మీద వంటగదీ, పడకలూ, స్నానాలగదీ అన్నీ ఇమిడ్చి కట్టిన పెట్టె లాంటి ఇల్లు అది. మా అత్తగారు లోపలికెక్కి, పొయ్యి చూసి, సింకు చూసి, గూట్లో దేవుణ్ణి పెట్టుకోవడానికి చోటుందో లేదో చూసి, "వంటిల్లే మనతో వస్తుందన్నమాట" అన్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సిందే. మా ఆడపిల్లలిద్దరూ ఆ రోజంతా పై పడక దిగలేదు.

పెద్ద ప్రయాణానికి ముందు అలవాటు పడదామని ఒక శని ఆదివారాలు విస్కాన్సిన్‌లో ఒక చెరువు పక్కకి వెళ్ళాం, కారు లేకుండా, ఉత్త మోటర్‌హోమ్‌తో. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారు పాలు కాచి, రాత్రికి పెరుగు కోసం తోడుపెట్టి, గిన్నె కదలకుండా చుట్టూ తువ్వాళ్ళు దోపి పెట్టారు. ఇంతలో పిల్లలు అవతలి గట్టున ఈతకు వెళ్దామని గొడవ చేశారు. అక్కడికి వెళ్ళాలంటే ఏముంది బండి? ఇల్లే బండి. గిన్నెలు సర్ది, ఆరేసిన మడిచీర తీసి, తలుపులు బిగించి, ఇంటికి ఇల్లు కదిలించుకుని వెళ్ళొచ్చేసరికి పెరుగు కాస్తా విరిగి నీళ్ళూ పలుకులూ అయి కూర్చుంది. మా ఇళ్ళల్లో తోడుపెట్టిన గిన్నె కదపడమంటే ఎంత తప్పో మీకు తెలుసు. ఆవిడ కోప్పడలేదు. "ఒరేయ్ నాన్నా, ఇల్లనేది ఒకచోట ఉండాలి, తిరగడానికి వేరే బండి ఉండాలి" అని మాత్రం అన్నారు. మా వారికి ఆ మాటే వేదం. అంటే కారు కూడా రావాలి. అంటే మోటర్‌హోమ్ వెనక కారును కట్టి లాగాలి.

ఇక చూడండి వాదోపవాదాలు. మరుసటి వారం మా ఇంట్లో భోజనాలకు వచ్చిన స్నేహితులందరూ బేస్‌మెంట్‌లో చేరి రెండు జట్లయిపోయారు. లాగొచ్చని ఒక జట్టు, ఇంజను కాలిపోతుందని ఒక జట్టు, చివరికి పులిహోర చల్లారిపోతున్నా ఎవరూ పైకి రాలేదు. వాళ్ళలో ఒక్కరూ అంతకుముందు మోటర్‌హోమ్ మెట్టు ఎక్కిన పాపాన పోలేదని మీకు వేరే చెప్పాలా! నేను పకోడీల పళ్ళెం పట్టుకుని వెళ్ళి, కట్టడం దేనికి, కారు నేను నడుపుకుంటూ వెనకాలే వస్తాను కదా అన్నాను. అందరూ హాయిగా నవ్వారు. మా వారు కూడా నవ్వి, "నీకు లైసెన్సు వచ్చి రెండు నెలలు కూడా కాలేదోయ్" అన్నారు. ఒళ్ళు మండింది నాకు. గేర్ల కారు మీద నేర్చుకుని, రెండుసార్లు తప్పి మూడోసారి సంపాదించిన లైసెన్సు అది. పిల్లల బడికీ కూరగాయల కొట్టుకూ తప్ప ఇంకెక్కడికీ పనికిరాదా? మొక్కజొన్న చేల మధ్య నుంచి పడమటికి పోయే ఐ-నైంటీ రోడ్డు మా ఊరి పక్కనుంచే వెళ్తుంది. బియ్యం కడుగుతున్నా ఆ రోడ్డే నా కళ్ళ ముందు ఆడుతుండేది, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సరే, ఆయన కారును లాగే ఇనుప కడ్డీ, టో బార్ అంటారు, ఒకటి కొనుక్కొచ్చి, మా చిన్న కారును న్యూట్రల్‌లో పెట్టి, మోటర్‌హోమ్ తోకకు తగిలించారు. మళ్ళీ విస్కాన్సినే. అయితే ఈసారి పెద్ద ప్రయాణానికి ఎంత సామాను పడుతుందో అంతా ఎక్కించి చూద్దామన్నారు. అదే మేము చేసిన పొరపాటు. ఇంకెవరి మోటర్‌హోమ్‌లోనైనా ఏముంటాయి, రొట్టె ముక్కలూ, కాగితం పళ్ళేలూ. మా దాంట్లో బియ్యం బస్తా ఎక్కింది, కందిపప్పు ఎక్కింది, ఊరగాయ జాడీలెక్కాయి, మూతలు బిగించిన నీళ్ళ బిందెలు ఎక్కాయి, వీటన్నిటికీ తోడు మా అత్తగారు విమానంలో సామానుతో పాటు తెచ్చుకున్న రాతిరోలు కూడా ఎక్కింది. మిక్సీలో రుబ్బితే పచ్చడి పచ్చడేనా అన్నది ఆవిడ వాదన. మా ఊరి చదునైన రోడ్ల మీద బండి బాగానే పోయింది, మా వారు ఈల కూడా వేశారు. చెరువు దగ్గరి కొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి ఈల ఆగింది. తరువాత పాపం బండి కూడా ఆగింది. ముందు మూతలోంచి ఆవిర్లు, వెనక కార్ల హారన్లు, లోపల పిల్లల కేరింతలు. ఒకటే గోల.

ఆయన ఎలాగో రోడ్డు అంచుకు తీసి, ఇంజను చల్లారాక కారును విప్పేశారు. మమ్మల్నందరినీ మోటర్‌హోమ్‌లో కొండ మీదకి చేర్చి, తాను నడిచి దిగివచ్చి కారు తెచ్చుకుంటానన్నారు. అప్పుడు మా అత్తగారు మంచినీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని మెట్లు దిగారు. "నువ్వు నడిచి రావడమేంట్రా, దానికి లైసెన్సు ఉందిగా?" అన్నారు. ఆయన ఏదో అనబోయే లోపల తిన్నగా వెళ్ళి కారు ముందు సీట్లో కూర్చుని చెంబు ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను పక్కన కూర్చుంటాను. పోనీవే అమ్మాయ్."

గేర్ల కారును ఎత్తు మీద నుంచి కదిలించిన వాళ్ళకు ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుసు. బ్రేకు వదిలితే వెనక్కి జారుతుంది, క్లచ్చు తొందరగా వదిలితే ఇంజను ఆగిపోతుంది, వెనకాలేమో కొండంత ట్రక్కు. మొదటిసారి ఆగిపోయింది. రెండోసారీ ఆగింది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, దేవుణ్ణి కూడా పైకి తలవలేదు, రోడ్డు కేసి చూస్తూ కూర్చున్నారు. మూడోసారి చేతిబ్రేకు పట్టుకునే ఉండి, క్లచ్చు మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు మారడం విని బ్రేకు దింపాను. కారు ముందుకు దూకింది! గేరు మార్చాను, మళ్ళీ మార్చాను, మోటర్‌హోమ్‌ను దాటేశాను, కిటికీలోంచి పిల్లలు అరుస్తున్నారు, నేనూ అరిచాను. కొండ మీద ఆగి చూస్తే చెంబులో నీళ్ళు సగం ఆవిడ చీర మీద ఉన్నాయి. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఇంటికొచ్చాక మా వారు ఇంకొక్క ప్రయత్నంగా రోలు వదిలేస్తే కారును లాగొచ్చేమో అన్నారు. ఆవిడ కాలెండరు కేసి చూశారు, రోలు కేసి చూశారు, నా కేసి చూశారు. "రోలూ వస్తుంది, కారూ వస్తుంది, అమ్మాయి నడిపితే పక్కన నేను కూర్చుంటాను" అన్నారు. టో బార్ గరాజు గోడకెక్కింది. ఈ రోజుకీ అక్కడే ఉంది, ఆయన అప్పుడప్పుడూ తుడుస్తుంటారు.

ఆ ప్రయాణం గురించి చెప్పమంటే ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. ముందు మోటర్‌హోమ్‌లో ఆయనా పిల్లలూ, వెనక కారులో నేనూ మా అత్తగారూ, రెండింటిలోనూ అప్పట్లో ట్రక్కు డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియోలు. మైకు పట్టుకోవడం ఎలాగో తెలిశాక ఆవిడ చేతిలోంచి దాన్ని తీసుకోవడం మా వల్ల కాలేదు. "ఒరేయ్, పిల్లలకు మజ్జిగిచ్చావా? మెల్లిగా పోరా, అమ్మాయి వెనకబడుతోంది" అని దక్షిణ డకోటా అంతటికీ వినిపించారు. ఒకసారి ఎవరో ట్రక్కాయన మధ్యలో దూరి అదేం భాష అని అడిగితే, మా వారు తెలుగని చెప్పి, మాట్లాడేది మా అమ్మ అన్నారు. ఆ ట్రక్కాయన అమ్మగారికి గుడ్ మార్నింగ్ చెప్పమన్నాడు. ఆ మాట చెప్పగానే ఆవిడ మైకులో "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అని దీవించారు. ఆకాశం అంత పెద్దదిగా నేనెప్పుడూ చూడలేదు. నా చేతుల్లో స్టీరింగు, ముందర అంతులేని రోడ్డు, నేనే నడుపుతున్నాను, నేనే! ప్రతి రెస్ట్ ఏరియాలో మాత్రం ఆవిడ దిగీ దిగగానే కుడికాలి పిక్క నొక్కుకునేవారు. అడిగితే "ముడుచుకు కూర్చున్నానుగా, పట్టేసింది" అనేవారు. నేను రోజూ సాయంత్రం కాస్త తైలం రాసేదాన్ని.

యెల్లోస్టోన్‌లో ఇల్లు ఒకచోట నిలబెట్టి, పెరుగు తోడుపెట్టి, అందరం కారులో వెళ్ళి ఆ వేడినీటి ఊట ముందు కూర్చున్నాం. నేల గుడగుడమంది, ఆవిరి లేచింది, ఉన్నట్టుండి నీళ్ళు తెల్లగా ఆకాశానికి ఎగశాయి. ఆవిడ లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, "కొత్తింట్లో పాలు పొంగినట్టుందే అమ్మాయ్!" అన్నారు. మళ్ళీ పొంగేదాకా కదలనన్నారు. కదలలేదు కూడా. తిరిగి వచ్చేసరికి పెరుగు గట్టిగా తోడుకుంది.

ఈ కథంతా చెప్పి, కారు కట్టొద్దు, మనవరాలిని వెనక నడుపుకుంటూ రమ్మను అన్నాను మా అమ్మాయితో. "అమ్మా! దానికి లైసెన్స్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు" అంది. అచ్చంగా వాళ్ళ నాన్న గొంతు. నేను పక్కన కూర్చుంటానన్నాను. ఫోనులో వెనకాల నుంచి మనవరాలు "యెస్! అమ్మమ్మ ఈజ్ ద బెస్ట్" అని గంతులేయడం వినిపించింది. వాళ్ళు ఆలోచిస్తామన్నారు. ముందు ఒకసారి నడిపి చూపించమని నిన్న దాన్ని నా దగ్గరకు పంపారు.

ఐ-నైంటీ మీదకే పోనిమ్మన్నాను. మొక్కజొన్న చేలు ఎప్పుడో గిడ్డంగులయిపోయాయి, గేర్లు లేవు, క్లచ్చు లేదు, ఏ మలుపు తిరగాలో ఫోనే చెబుతోంది, ముందు బండిలోని వాళ్ళు వెనక బండి కోసం అద్దంలో చూసుకోనక్కర్లేదు, పెరుగు ప్లాస్టిక్ డబ్బాలో దొరుకుతుంది, ఎంత కుదిపినా దానికేమీ కాదు. రోలు కోసం బండి ఆపుకునే మనుషులు లేరు. తలుచుకుంటే కాస్త దిగులేసింది. మనవరాలు మాత్రం ఆకాశం చూస్తూ నవ్వుతూ నడుపుతోంది, అప్పటి నాలాగే. ట్రక్కులు పక్కనుంచి రయ్యిన పోతున్నాయి. నేను ఒక్క మాట అనలేదు, దేవుణ్ణి కూడా పైకి తలవలేదు.

ఇంటి ముందు దిగి నిలబడబోతే కుడికాలు నిలవలేదు, పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది. దారి పొడుగునా నా వైపు లేని బ్రేకును నొక్కుతూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. షామ్‌బర్గ్ నుంచి యెల్లోస్టోన్ దాకా, మళ్ళీ వెనక్కీ, అత్తగారూ, ఎంత భయపడ్డారండీ మీరు!

"అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? కాలుకి ఏమైంది?" అంది మనవరాలు కంగారుగా.

"ఏం లేదే, ముడుచుకు కూర్చున్నానుగా, పట్టేసింది" అన్నాను.