తెల్ల రుమాలుతో ఇల్లు వెతకడం

నేను చదివిన బడిలో భూగోళం పుస్తకంలో ఎడారుల పాఠం ఆఖరున ఉండేది. నేను నదుల దగ్గరే బడి మానేశాను. అందుకని నా లెక్కన భూమి మీద నదులూ, వాటి ఒడ్డున ఫ్యాక్టరీలూ తప్ప మరేమీ లేవు. ఎడారి అని ఒకటి ఉందనీ, అందులో జనం పిల్లాపాపలతో కాపురాలు చేస్తారనీ, వాళ్లకీ అద్దె ఇళ్లు కావాలనీ నాకు నలభై అయిదో ఏట తెలిసింది. తెలిసిన నెలకే అక్కడ మంచి పేట చూసి, అందులో మంచి ఇల్లు చూసి రమ్మని నన్నే పంపారు. మా ఇంట్లో మనుషుల కొరత అలాంటిది.

నేను రిగ్గర్‌ని. క్రేన్ ఎత్తే బరువులకు గొలుసులు కట్టి, కింద నిలబడి, ఇటు రానీ, అటు పోనీ అని చేతులు ఊపడం నా పని. ఇరవై ఏళ్ల పైచిలుకు జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియా షెడ్లలోనూ, బయటి ఊళ్లలోనూ చేతులు ఊపాక, మా కాంట్రాక్టరుకి బికనీర్ దగ్గర సోలార్ ప్లాంటులో పని దొరికింది. మూడేళ్లు. "ఫ్యామిలీతో రా. ఒంటరిగా వచ్చినవాళ్లు ఆరు నెలలకే పారిపోతున్నారు" అన్నాడాయన.

నాకూ ఒంటరిగా వెళ్లాలని లేదు. పెళ్లైన కొత్తలోంచి నాది ఊరూరా తిరిగే పనే. ఒడిశాలో రెండు నెలలు, ఛత్తీస్‌గఢ్‌లో నాలుగు నెలలు. ఇంటికి వచ్చినప్పుడల్లా మా వీధి కుక్క నన్ను చూసి కొత్తగా మొరిగేది. అసలు నా పెళ్లిచూపులకే నేను వెళ్లలేదు. ఆ వారం ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పని, సెలవు ఇవ్వలేదు. అమ్మ ఒక్కతే శ్రీకాకుళం వెళ్లి, పిల్లని చూసి, మాట ఇచ్చేసి వచ్చింది. తర్వాత మా అమ్మాయి నడిచిందీ, పన్ను ఊడిందీ, స్టేజి ఎక్కి డాన్సు చేసిందీ అన్నీ ఫోన్‌లోనే చూశాను. ఇప్పుడు దానికి పదకొండేళ్లు. ఇంకో మూడేళ్లు ఫోన్‌లో చూస్తే, ఆ తర్వాత నన్ను చూడాల్సిన అవసరం దానికి ఉండదు. ఇది నేను నవ్వుతూ చెప్పలేని సంగతి కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "ఊరు ఎలాగున్నా ఫరవానేదు. పేట మంచిదవ్వాల. మీరు పొద్దున్న డూటీకి ఎలిపోతే నానూ పిల్లా ఒక్కలమే ఉండాల అక్కడ. పేట బాగోపోతే మేం రాం, మీరెల్లండి."

"బాగుందో లేదో ఎలా తెలుస్తుందే?"

"సాయింత్రం అయిదింటికి ఆ ఈదిలో పావుగంట నిలబడండి. ఏటి జరుగుతాదో సూడండి. అంతే."

నలభై అయిదేళ్ల మగవాడు ఊరు కాని ఊళ్లో, తెలియని వీధిలో పావుగంట ఊరికే నిలబడితే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. పోలీసులు వస్తారు. అందుకని ఆ సలహాని మేముండే బారిడీహ్‌లోనే వదిలేసి, నా పద్ధతి నేను పట్టుకెళ్లాను.

మా నాన్న కాలం నుంచి జంషెడ్‌పూర్‌లో ఇల్లు చూడటానికి ఒకటే పద్ధతి. వాస్తు తర్వాత, ముందు పొగ. ఏ చిమ్నీ ఎటు ఉంది, గాలి ఎటు వీస్తుంది, ఇల్లు ఆ దారిలో ఉందా లేదా. బట్టలు ఆరేసే ముందు మా ఆడవాళ్లు ఆకాశంలో మబ్బు కంటే ముందు పొగ తోక ఎటు తిరిగిందో చూసేవాళ్లు. ఇల్లు చూడటానికి వెళ్లే మగవాడు జేబులో తెల్ల రుమాలు పెట్టుకునేవాడు. కిటికీ గట్టు మీద ఒకసారి, డాబా మీద బట్టల తీగ మీద ఒకసారి తుడవాలి. నల్లగా వస్తే నమస్కారం పెట్టి వచ్చేయడమే. ఇప్పుడు అంత మసి లేదు గానీ అలవాటు ఉండిపోయింది. బారిడీహ్ ఇల్లు అలా తుడిచే తీసుకున్నాం.

నేను బిష్టుపూర్ బజారుకి వెళ్లి కొత్త రుమాలు కొన్నాను. మెరిసేంత తెల్లది.

జనవరిలో రైళ్లు మారి బికనీర్ చేరాను. మర్నాడు మధ్యాహ్నం బ్రోకరు ఊరికి పడమటి కొసన ఉన్న కొత్త కాలనీకి తీసుకెళ్లాడు. చూడగానే నా మనసు పోయింది. రోడ్లు ఎంత వెడల్పంటే మా వీధిలో ఇళ్లన్నీ తెచ్చి ఆ రోడ్డు మీద కట్టొచ్చు. ఇంటి హాలుకి పడమటి వైపు గోడంత కిటికీ. దాని అవతల ఏమీ లేదు. ఇసుకా ఆకాశమూ, అంతే. "ఖులీ హవా" అన్నాడు బ్రోకరు, ఆ ధారాళమైన గాలిని తనే తయారుచేసినట్టు.

నేను ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ముందు నాలుగు దిక్కులూ చూపించాను. కనుచూపు మేరలో ఒక్క చిమ్నీ లేదు. తర్వాత రుమాలు తీసి కిటికీ గట్టు తుడిచాను. తెల్లగానే ఉంది. డాబా ఎక్కి తీగ తుడిచాను. తెల్లగానే ఉంది. రుమాలుని కెమెరా ముందు జెండాలా ఊపాను. "చూడవే, మన ఊళ్లో కొత్త రుమాలు కూడా ఇంత తెల్లగా ఉండదు" అన్నాను. బ్రోకరుకి మాట ఇచ్చేసి, టీ తాగుదామని ఆటో ఎక్కి పాతబస్తీలో దిగి, సందుల్లో తప్పిపోయి, తిట్టుకుంటూ బయటపడి, స్టేషనుకి పోయాను.

ఇంటికి వచ్చిన సాయంత్రం మా వరండాలో సినిమా వేసినట్టే వేశాం. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టింది మా అమ్మాయి. పక్కింటి మావయ్య కూడా వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఆయన మిలిటరీలో కొన్నేళ్లు ఆ ఎడారిలోనే కాపలా కాసి, ఆ తర్వాత టాటానగర్‌లో రైల్వే పని చేసి రిటైరైన మనిషి. నాకు చుట్టరికం లేదు. వీధి మొత్తానికి మావయ్య.

వీడియోలో నేను రుమాలు ఊపే చోటు వచ్చింది. చప్పట్లు కొడతారని ఆగాను.

"ఆపు" అన్నాడు మావయ్య. "ఒరే అల్లుడా, ఆ గుడ్డతోటి ఏటి సూత్తన్నావు?"

"దుమ్ము ఉందా లేదా అని."

"మనూరి మసి గుడ్డకి అంటుకుంటాది. ఇసక అంటుకోదురా, రాలిపోద్ది. దాన్ని పళ్ల కింద ఏసుకొని సూడాల. కరకర లాడితే ఉన్నట్టు. నాను మూడేళ్లు రొట్టెల్లో తిన్నాను."

"అక్కడ గాలే లేదు మావయ్యా. ఆకు కదల్లేదు."

"జనవరిలో ఎందుకుంటాది? మే నెలలో రా, సూపిత్తానంటాది. పడమట నుంచి ఆంధీ, అదే ఇసక గాలి, లేచిందంటే మిట్టమజ్జానం దీపం ఎట్టుకోవాల. నువ్వు తీసిన ఇంటికి అడ్డం ఏటుంది? ఏటీ నేదు. ఇసక తిన్నగా హాల్లోకొచ్చి కూకుంటాది. కిరేను ఎత్తేముందు గాలి సూత్తావు గదా, కాపురం ఎత్తేముందు సూడనేదేటి?"

మా ఆవిడ ఫోన్ దగ్గరికి జరిగింది. "ఎనక్కి తిప్పే" అంది అమ్మాయితో. తిప్పింది. "ఇక్కడాపు. పక్కింటి కిటికీ సూడండి."

చూశాను. పక్కింటివాళ్లు పడమటి కిటికీని ఇటుకలతో మూసేశారు. ఆ పక్కింటివాళ్లు రేకు కొట్టారు. రోడ్డు పక్కనున్న ఒకే ఒక్క చెట్టు మొత్తంగా తూర్పుకి వంగి, ఎవరో జుట్టు పట్టి లాగుతున్నట్టు ఉంది. ఇరవై ఏళ్లు గాలి చూసి పొట్ట పోసుకున్నవాణ్ణి, ఆ చెట్టు కనిపిస్తున్న డాబా మీదే నిలబడి రుమాలు ఊపాను.

"ఆ బ్రోకరు బుజం మీద ఏటది?" అంది మా ఆవిడ.

తడిగుడ్డ. నన్ను లోపలికి పిలిచే ముందు గట్టు తుడిచి, దాన్ని దాచడం మర్చిపోయాడు.

"పాపా, పూరా కాలనీ మే ఏక్ భీ బచ్చా నహీ హై" అంది మా అమ్మాయి. కాలనీలో ఒక్క పిల్లా లేదట. అది నిజమే. రోడ్లు వెడల్పుగా కనిపించడానికి అదీ ఒక కారణం.

మా ఆవిడ లేచింది. కోపం లేదు, కోపం ఉంటే బాగుండేది. "మేం ఇక్కడే ఉంటాంలెండి. మీరు ఎల్లండి. సెలవుకి వత్తారు గదా" అంది, నాకు టిఫిన్ కట్టిస్తున్నంత మామూలుగా. మావయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

అమ్మాయి ఫోన్ తీయబోతూ, "ఏక్ ఔర్ వీడియో హై. బహుత్ లంబా" అంది.

ఇంకో వీడియో తీసిన గుర్తు నాకు లేదు. తీయలేదు కూడా. కాలనీ నుంచి వచ్చేటప్పుడు ఆటోలోంచి రోడ్డు తీసి, ఆపకుండానే ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకున్నాను. కెమెరా కన్ను జేబు పైన తేలి, పాతబస్తీ అంతా తనంతట తను చూసింది.

మొదట ఒక సన్నటి సందు. ఆకాశం చీలికంత. మంచాల మీద ఆరేసిన అప్పడాలు. గడపల ముందు రాతి మెట్ల మీద ఆడవాళ్లు, ఒళ్లో చాటలు. ఇద్దరు ఆడపిల్లలు దారి మధ్యలో తొక్కుడుబిళ్ల గీసుకుని, నాకు కూడా తప్పుకోలేదు. వెనకనుంచి నా గొంతు: "అయిదింటికి నిలబడాలట, పావుగంట నిలబడాలట. ఈవిడకేం, ఇంట్లో కూచుని ఎన్నయినా చెప్తుంది."

వరండాలో ఎవరూ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

తర్వాత ఒక ముసలావిడ, తలమీద ఎర్ర ముసుగు, చేతికర్ర అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"కిస్ కే ఘర్ జానా హై?"

"కిసీ కే నహీ, అమ్మా."

"ఫిర్ యహా క్యో?"

ఎవరింటికీ కాకపోతే ఇక్కడెందుకని నా విచారణ మొదలైంది. ఏ ఊరు, ఏ పని, పెళ్లయిందా, పిల్లలెందరు, పిల్ల ఏ క్లాసు, మరి దాన్ని వదిలి ఇక్కడేం చేస్తున్నావు, అన్నం తిన్నావా, మీ ఊళ్లో ఏ పప్పు తింటారు. చుట్టూ మెట్ల మీదున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఒక్కొక్క ప్రశ్న కలిపారు. ముసలావిడ లోపలినుంచి చెంబుతో నీళ్లు తెప్పించి ఇచ్చి, నేను తాగేదాకా కర్ర తీయలేదు. చివరికి, "అకేలే మత్ ఘూమో. ఘర్‌వాలీ కో లేకే ఆనా" అని పంపింది. ఒక్కడివీ తిరగకు, పెళ్లాన్ని తీసుకుని రా అని. నాలుగు అడుగులు వేశాక మళ్లీ నా గొంతు: "ముసల్దానికి ఠాణాలో ఉద్యోగం ఇవ్వాలి."

మా ఆవిడ ఎప్పుడు తిరిగి కూర్చుందో నేను చూడలేదు. "అది ఎన్ని గంటలకే?" అంది అమ్మాయితో. అమ్మాయి వీడియో మొదలైన టైము చూసి, లెక్కకట్టి చెప్పింది. ముసలావిడ నన్ను ఆపింది అయిదుకి. వదిలింది అయిదుంపావుకి.

"ఆవిడ ఎదురిల్లు కాళీ ఉందేమో కనుక్కోండి" అంది మా ఆవిడ.

"ఆ సందులోనా? ఎండ రాదు, గాలి రాదు. ఆ ముసల్ది రోజూ నన్ను ఆపి అడుగుతుంది."

"మిమ్మల్ని ఆపినావిడ ఎవుడినైనా ఆపుద్ది. ఇంకేటి కావాల?"

మావయ్య చెప్పులు మళ్లీ విప్పేశాడు. "ఇసక కూడా ఆ సందులోకి రావాలంటే ఆవిడికి సమాదానం సెప్పుకొనే రావాలరా" అన్నాడు.

బ్రోకరుకి ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకున్నాను. ఫిబ్రవరిలో పనిలో చేరాక ఆ సందు వెతకడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. నా దగ్గరున్న అడ్రసు, జేబులోంచి కనిపించిన కరెంటు తీగలూ, ఒక నీలం తలుపూను. ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, తల పైకెత్తి నడుస్తుంటే కర్ర అడ్డం వచ్చింది. "ఫిర్ అకేలే?" అంది ముసలావిడ. విషయం చెప్పాను. ఎదురిల్లు కాదుగానీ, రెండు గడపల అవతల పై వాటా ఖాళీ చేయిస్తానంది. ఖాళీ అయ్యేలోగా మా అమ్మాయి క్లాసు, మా ఆవిడ వండే పప్పు మళ్లీ ఒకసారి అడిగి సరిచూసుకుంది. నేను అబద్ధం చెప్పలేదని తేలాక తాళం ఇప్పించింది.

పరీక్షలు అయ్యాక తీసుకెళ్లడానికి బారిడీహ్ వచ్చాను. సామాను కడుతున్నాం. రిగ్గర్‌ని కాబట్టి తాళ్లు నా వంతు. ఆవకాయ జాడీకి నేను వేసిన కట్టు చూస్తే దాన్ని క్రేన్‌తో ఎత్తొచ్చు. ముడి బిగిస్తూ కాస్త గొప్పగా అన్నాను, "ఏమన్నా అను, నా వీడియో వల్లే కదా మనకి ఇంత మంచి పేట దొరికింది."

మా ఆవిడ మడతపెట్టిన దుప్పటి నా చేతిలో పెట్టింది. "మీరు కళ్లు తెరిసి సూసింది ఆ పడమటిల్లు. సూడకండా కుదిరింది ఈ ఇల్లు. నన్ను కూడా మీరు సూడనేదు, మీయమ్మే సూసింది. అందికే మీ కాపురం బాగుంది."