అమ్మకు తెలిసిన ఈస్ట్

వల్లూరులో మా పొలం సోలార్‌కు లీజుకు పోయాక, కంచెకు ఇవతల అరెకరం మిగిలింది. సగంలో వేరుశెనగ, సగంలో బిళ్ళగన్నేరు. గన్నేరును మేకలు ముట్టవు, నీళ్ళూ పెద్దగా అక్కర్లేదు. అమ్మ ఆకు ఎండబెట్టి పావగడ వ్యాపారికి అమ్ముతుంది. మందుల కంపెనీలు కొంటాయట. నా కాలేజీ చదువు ఆ ఆకు మీదే నడిచింది.

బెంగళూరులో నా ఉద్యోగం ఏమిటంటే, అదే గన్నేరులోని క్యాన్సర్ మందును మొక్కతో పని లేకుండా ఈస్ట్ చేత తయారు చేయించడం. గన్నేరు జన్యువులను ఈస్ట్‌లో పెడతాం. అది చక్కెర తిని మందు చెయ్యాలి. రెండేళ్ళుగా ఈ మాట అమ్మకు చెప్పలేదు, ఈస్ట్‌లో పని అని మాత్రం అన్నాను. ఆమె సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి పోతుంది. అక్కడ ప్యానెళ్ళ వరసలను ఈస్టు, వెస్టు అంటారు కాబట్టి ఆమెకు ఈస్టంటే తూర్పు. "మా పాప బెంగళూరు ఈస్ట్‌లో పన్జేస్తాది" అని ఊరంతా చాటింది. నేను సరిదిద్దలేదు. దొంగబుద్ధి, ఇంకేముంది!

మొన్న ఆదివారం వెళితే, విత్తనాల మూట ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఈ తూరి శెనక్కాయ వద్దు పాపా. అరెకరమూ గన్నేరే ఏస్తా. ఏమంటావు?"

లేచాను, కూర్చున్నాను, నీళ్ళు తాగాను, వాకిట్లోకి పోయి వచ్చాను.

"ఏందిమే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతాండావు?"

చెప్పేశాను. ఈస్ట్ అంటే పిండిని పులియబెట్టే, కంటికి కనిపించని జీవి అని, దానితోనే గన్నేరు మందు చేయిస్తున్నామని. ఇప్పటికి చిటికెడు కూడా రాలేదని, బాగా వచ్చిన రోజు ఈ ఆకు ఎవరూ కొనరని.

అమ్మ మూట ముడి విప్పి, మళ్ళీ కట్టింది. "అంటే, గన్నేరు అమ్మి నిన్ను చదివిస్తే, నువ్వు చదివి గన్నేరునే పీకేస్తావా?"

నాకు కోపమొచ్చింది. నిజం కాబట్టే వచ్చింది. "జబ్బోళ్ళకు మందు సులువుగా దొరకొద్దామ్మా?" అని అరిచాను.

"దొరకాల. ఎవరొద్దన్నారు?" కొంగు దోపుకుని లేచింది. "మీ పిండి పులిసేలోగా నాకు రెండు కోతలొస్తాయి."

ఆ సాయంత్రమే అరెకరమంతా గన్నేరు చల్లింది.

సోమవారం పరీక్షలో మా ఈస్ట్ ఇచ్చే మందు మొదటిసారి బాగా పెరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"మొలక వచ్చిందా?"

"నిన్న చల్లితే ఈ పొద్దు వస్తాదా, పిచ్చిదానా!" అని నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది. "నీది వచ్చెనా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను.