కిటికీ కాడ పాల క్యాను

ఇయ్యాల మా బిడ్డ పద్మ పంతులమ్మగ చేస్తున్న బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. పాఠం ఆయనకు నచ్చితేనే ఆమె నౌకరీ పక్కా అయితది. నాకు ఇంట్ల కూసుంటే నిమ్మళం లేదు. లాల్‌దర్వాజల పాలు పోసుడు అయినంక క్యాను పట్టుకొనే పోయి, ఐదో తరగతి కిటికీ కాడ నిలబడ్డ.

రెండు ఇంగ్లీషు వాక్యాలను 'హూ' పెట్టి ఒక్కటి చేసుడు పాఠం. నాల్గు దినాల సంది పద్మ నన్నే పిల్లగాని లెక్క కూసోబెట్టి చెప్పి చూసుకున్నది.

"పుస్తకంలది కాదు, సొంతంగ ఒకటి చెప్పుండ్రి" అన్నడు ఇన్‌స్పెక్టర్. నేను కిటికీకెల్లి లోపటికి తొంగి చూసిన. అంతల ఒక పోరి నన్ను చూసి లేచింది.

"హీ ఈజ్ ద మ్యాన్ హూ బ్రింగ్స్ మిల్క్!"

నాకు సమజైంది మిల్క్ ఒక్కటే. క్లాసంత నవ్వింది.

"ఎవరమ్మా ఆయన?" అన్నడు ఇన్‌స్పెక్టర్.

"మా బాపు సార్" అన్నది పద్మ, తల దించకుంట.

ఆయన నవ్వుకుంట పద్మతోని "మస్తు చెప్పినవమ్మా" అని నౌకరీ పక్కా చేసే కాయితం మీద సంతకం పెట్టిండు.

ఇంటికొచ్చినంక పద్మ, "ఇంకోపాలి కిటికీ కాడికొస్తే సూడు బాపు!" అని లొల్లి పెట్టింది. నాకు సంబురానికి ఇంకా ఒక్క జాగల కాలు నిలుస్తలేదు. మీరే చెప్పుండ్రి, మీరైతే ఇంట్ల కూసుందురా?