ఇద్దరూ కొనేవాళ్లయితే

నంద్యాలలోని ఆ హైస్కూలు వాళ్లు నన్ను నా చదువు చూసి తీసుకోలేదు, నా నోరు చూసి తీసుకున్నారు. అక్కడ సైన్సు చెప్పే ఆయన యుద్ధకాలంలో మిలిటరీకి పోయాడు. ఇంటర్మీడియట్ ఎలాగో గట్టెక్కిన నేను లెక్కలు చెప్పడానికని పోయి, "కెమిస్ట్రీ కూడా చెప్తాను సార్, అది నాకు కొట్టిన పిండి" అని హెడ్మాస్టరుతో అనేశాను. ఆళ్లగడ్డ బజారులో పెరిగినవాణ్ణి. సరుకు లేకపోయినా ముందు ఉందని చెప్పి, వచ్చిన గిరాకీని కూర్చోబెట్టి, వెనక సందులోంచి తెప్పించడం మా ఇంటి విద్య. హెడ్మాస్టరు నన్ను మూడు నెలలకు తీసుకున్నాడు. నచ్చితే ఏడాదంతా ఉంచుతానన్నాడు. నచ్చకపోతే ఆళ్లగడ్డలో మా నాయన చిల్లరంగడి ఉండనే ఉంది, అందులో బెల్లం ముద్దల పక్కన నాకొక పీట కూడా ఉంది. ఆ పీట మీద కూర్చోకుండా ఉండడానికే నేను అంత చదివింది.

మూడో నెలలో హెడ్మాస్టరు మద్రాసు నుంచి ఒక కొత్త పుస్తకం తెప్పించాడు. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా ఉంటాయి, ఒక పరమాణువు ఇంకోదానితో ఎందుకు కలుస్తుంది అన్న అధ్యాయం అందులో ఉంది. అది పరీక్షకు రాదు. కానీ ఆయనకు మోజు. "శుక్రవారం ఇది చెప్పు. నేను వెనక కూర్చుంటా" అన్నాడు.

చదివాను. చదువుతుంటే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇదంతా మా అంగడే. పరమాణువులో ఎలక్ట్రాన్లు వరుసలు వరుసలుగా ఉంటాయట. లోపలి వరుసలు గోదాములో సరుకు, వాటి జోలికి ఎవరూ పోరు. బయటి వరుసలో ఉన్నవే అరుగు మీద పెట్టిన సరుకు, బేరమంతా వాటితోనే. ఆ బయటి వరుసలో ఎనిమిది ఉంటే పరమాణువుకు నిశ్చింత, ఎవరితోనూ పనిలేదు. సోడియానికి అక్కడ ఉన్నది ఒక్కటే. అది వదిలించుకుంటే కింది వరుస నిండుగా ఎనిమిదితో బయటపడుతుంది. క్లోరిన్‌కు ఏడున్నాయి, ఒకటి తక్కువ. ఇంకేం, ఒకటి అమ్ముతుంది, ఒకటి కొంటుంది. ఇచ్చిన దానికి ధనావేశం, పుచ్చుకున్న దానికి ఋణావేశం, ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే మనం తినే ఉప్పు.

శుక్రవారం క్లాసులో ఇదే చెప్పాను. సంత ముగిసే వేళ మిగిలిన ఒక్క గంపను ఎలాగోలా వదిలించుకునే వాడిలా సోడియాన్ని నటించి చూపించాను. పిల్లలు నవ్వారు. వెనక బల్ల మీద హెడ్మాస్టరు కూడా తల ఊపాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "లోకంలో ఏ రెండు పరమాణువులు కలిసినా ఇంతే. ఒకడు అమ్మేవాడు, ఒకడు కొనేవాడు" అన్నాను.

చాగలమర్రి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక కుర్రాడు లేచాడు.

"సార్, క్లోరిన్ గ్యాసులో రెండు క్లోరిన్లు జతగా ఉంటాయని పోయిన వారం చెప్పినారు గదా. రెండిటికీ ఒకటి తక్కువే. ఇద్దరూ కొనేవాళ్లే. అమ్మేవాడు యాడుండాడు సార్?"

తెలియదని చెప్పి ఉండవచ్చు. కానీ అంగట్లో లేదనే మాట మా నోటికి అలవాటు లేదు. "ఆ ఇద్దరిలో ఒకటి కొంచెం అమాయకంది. అది మోసపోయి ఇచ్చేస్తుంది" అన్నాను.

"రెండూ ఒకే రకం అయినప్పుడు ఒక్కటే యెట్ల మోసపోతాది సార్?"

గంట కొట్టారు. హెడ్మాస్టరు నన్ను తన గదికి పిలిచాడు.

"ఏమప్పా, మోసపోయిన క్లోరిన్‌ను ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు సార్."

"ఆ పుస్తకంలో తర్వాతి పేజీ ఉండాది. తిప్పలేదా?"

తిప్పలేదు. సగం చదివి మొత్తం నాకు వచ్చేసిందనుకున్నాను. "సోమవారం మళ్లీ చెప్పు. పుస్తకంలో మాట అప్పజెప్పొద్దు, నీకు అర్థమైంది చెప్పు. లేకుంటే నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు.

ఆ పేజీ తిప్పాను. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్‌ను నడుమ పెట్టి, ఆ జతను రెండూ తమదిగానే లెక్కపెట్టుకుంటాయని ఉంది. నాకు తల తిరిగింది. ఒకే వస్తువు ఇద్దరిది ఎలా అవుతుంది? శనివారం బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి, అది ఎక్కలేని ఎత్తు వచ్చినచోటల్లా దిగి నడుస్తూ, ఆళ్లగడ్డ చేరాను. నిజానికి పోయింది పీటను ఒకసారి చూసుకుని మనసు కుదుట పరచుకుందామని.

మా అంగడికి ఆనుకుని ఇంకో చిల్లరంగడి. అవే పప్పులు, అదే బెల్లం. ఆయనకూ మా నాయనకూ పడదు. అయితే యుద్ధంలో ఇనుము దొరకని రోజుల్లో ఆయన కాటా దండె విరిగింది, మా మణుగు తూచే ఇనుప గుండు పగిలింది. కొత్తవి ఎక్కడా లేవు. అందుకని రెండు అంగళ్లకూ నడుమ గుంజకు మా కాటా, దాని కింద ఆయన గుండు. ఎవరి మూట వచ్చినా అక్కడే తూచాలి. ఆ పొద్దు కూడా ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ అక్కడే తూస్తున్నారు.

నాలోని బేరగాడు ఊరుకోలేదు.

"నాయనా, రోజూ ఈ గలాటా ఎందుకు? కాటా ఆయప్పకు అమ్మెయ్."

"అమ్మితే ఆయప్పకు రెండూ ఉంటాయి. నాకేముంటాది?"

"అయితే గుండు నువ్వే కొను."

పక్కాయన వినేశాడు. "ఏమప్పా పంతులూ, నా గుండుకు బేరం పెడతాండావే? గుండు పోతే నేను పప్పు చేత్తో అందాజుగా తూచల్లనా?"

"మరి యెట్ల మామా?"

"ఆడనే ఉండనీ. నడుమ ఉన్నంతసేపూ రెండూ నావే" అన్నాడు మా నాయన. "ఆ పెద్దమనిసి కూడా అట్లే అనుకుంటాండాడు. అనుకోనీ."

"విడిపోతే?"

"విడిపోయి యాడికి పోతాం? ఇనుము దొరికిన పొద్దు చూస్తాంలే."

వీళ్లకు ఒకరి మీద ఒకరికి ప్రేమ లేదు, ఎవరూ మోసపోలేదు, ఎవరూ అమ్మలేదు. అయినా ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు కదల్లేరు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కాటా కిందే తిరిగాను, నాకు కనబడలేదు. అంగట్లో అమ్మకమే చూశాను.

మా నాయన అడిగాడు, "ఏందిరా, ఆ బడి పని ఉంటాదా పోతాదా? పోతే చెప్పు, పీట తుడిపిస్తా."

"సోమవారం తేలుతాది నాయనా."

సోమవారం మొదటి మాటగా, "శుక్రవారం నేను చెప్పింది తప్పు" అన్నాను. అమ్మిన సరుకు వాపసు తీసుకున్నంత కష్టమైంది. తర్వాత కాటా, గుండు బొమ్మ వేసి క్లోరిన్ జత సంగతి చెప్పాను. చెరి ఏడు, అందులో నడుమ పెట్టినవి చెరొకటి; సొంతానివి ఆరు, నడుమవి రెండు, ఎవరి వైపు నుంచి లెక్కపెట్టినా ఎనిమిది. సోడియం వచ్చి ఎలక్ట్రాన్లు ఇస్తానంటే ఆ పొత్తు విడిపోతుందని కూడా చెప్పాను.

చాగలమర్రి కుర్రాడు మళ్లీ లేచాడు. "హైడ్రోజన్, క్లోరిన్ పొత్తు పెట్టుకుంటే సార్? ఆ ఇద్దరూ సమానం కాదు గదా. నడుమది సరిగ్గా నడుమనే ఉంటాదా?"

"నాకు తెలియదు. చదివి చెప్తా" అన్నాను.

వెనక బల్ల మీది హెడ్మాస్టరు లేచి తన గదికి పోయాడు. మధ్యాహ్నం పిలిపించి, ఏడాదికి పొడిగించిన ఉత్తర్వు నా చేతిలో పెట్టాడు. "కాటా బాగుండాది. కానీ నిన్ను ఉంచింది దానికి కాదు, ఆ చివరి మాటకు" అన్నాడు.

ఉత్తర్వు జేబులో పడ్డాక నా బుద్ధి మళ్లీ బజారుకు పోయింది. సాయంత్రం హాస్టలు దగ్గర ఆ కుర్రాణ్ణి పట్టుకుని, "రేపటి పాఠంలో ఏమడుగుతావో ఇప్పుడే చెప్పు, వారం రోజులు నీకు ఇంటిపని ఇవ్వను" అని బేరం పెట్టాను.

"వద్దు సార్. క్లాసులోనే అడుగుతా."