వేపమండ కట్టిన చీకటి గది

ఫోనులో పిహెచ్‌డి సీట్ల ప్రకటన కనబడితే, ఇది మనలాంటి వాళ్లకు కాదులే అని వేలితో పైకి తోసేసే వయసు నాకూ ఒకటి ఉండేది. ఆదోనిలో మా నాయనకు పత్తి జిన్నింగు మిల్లులో పని. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు ముగించి ఇంట్లో కూర్చున్నదాన్ని. అలాంటి నేను తోసెయ్యకుండా ఆగిన ప్రకటన, కాంతితో ఒంటి లోపలి భాగాలను ఫోటో తీసే పరిశోధనది. కత్తి లేదు, సూది లేదు, వట్టి వెలుతురుతో చర్మం కింద ఏముందో చూడటం. మనసు దానిమీదే పడిపోయింది. దరఖాస్తు పెడితే వీడియో ఇంటర్వ్యూకు పిలిచారు, ఇంట్లో చేసిన ప్రయోగం ఏదైనా ఉంటే చూపించమన్నారు. ఈ సీటు రాకపోతే జూన్ నుంచి ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో చేరతానని నాయనకు మాటిచ్చాను. ఆ బడివాళ్లు నన్ను టైంటేబుల్లో కూడా వేసేసుకున్నారు (ఆరో తరగతి సోషలు కూడా నా నెత్తినే).

నా ప్రయోగం చిన్నదే. పాత సీసీ కెమెరాలోంచి పీకిన, కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చే దీపాలు, ఆ కాంతిని ఆపే లోపలి అడ్డుగాజు తీసేసిన ఒక వెబ్‌క్యామ్. ఆ కాంతిని రక్తం మింగేస్తుంది కాబట్టి, దాని కింద చెయ్యి పెడితే నరాలు తెరమీద నల్లటి గీతల్లా కనబడాలి. ఎండ దూరితే బొమ్మ చెడుతుంది కనుక కిటికీలకు గొంగళ్లు కట్టాను. చీకటైతే దొరికింది, నిశ్శబ్దం దొరకలేదు. మా వాకిలి ముందే వీధి కొళాయి, నీళ్లొచ్చే వేళా ఇంటర్వ్యూ వేళా ఒకటే. బిందెల గొడవ మొదలైతే అవతలి వాళ్లకు నా మాట వినబడదు. మా అవ్వ నా ముఖం చూసి, "నువ్ లోపలికి పో మే, వాళ్ల నోళ్లు నేను మూయిస్తా" అని రెండు వేపమండలు విరుచుకొచ్చి వాకిలికి కట్టింది. మా వైపు వాకిలికి వేపమండ కట్టారంటే ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఆ గడప ఎవరూ తొక్కరు, ఆ వాకిట్లో ఎవరూ గొంతు పెంచరు. వీధంతా గప్‌చుప్.

తెరమీద ఒక మేడం, ఇద్దరు సార్లు. చెయ్యి దీపాల కింద పెట్టాను. నరమన్నది లేదు, తెల్లటి పిండిముద్దలా ఉంది నా చెయ్యి. తిప్పాను, పిడికిలి బిగించాను. మేడం గడియారం చూసుకుంది. గొంగళ్ల ఉక్కకు ఒళ్లంతా చెమట. అప్పుడే తలుపు కిర్రుమంది. వీధివీధికీ పెరుగమ్మే ముసలావిడ, మేమంతా పెరుగవ్వ అని పిలిచే మనిషి, మజ్జిగ చెంబుతో లోపలికి వచ్చేసింది.

"నాకు సిన్నప్పుడే అమ్మోరు పోసిపోయింది, నాకేం బయం. యాడుండావు మే, ఏమీ కనపల్లేదే" అంటూ తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "జరం యాడిది మే, సెయ్యి ఐసుగడ్డ మాదిరి సల్లగుండాదే."

తెరమీద ఆమె ముడతల చేతి నిండా నల్లటి నరాలు, ఏటి పాయల్లా, వేలి కొసల దాకా. ముగ్గురూ ముందుకు వంగారు. ఆమె అనుమతి తీసుకున్నావా అని మేడం ఇంగ్లీషులో అడిగింది. నీ చెయ్యి వాళ్లు చూడొచ్చా అని పెరుగవ్వను తెలుగులో అడిగాను. "సూసుకోమను. సూస్తే సెయ్యి అరుగుతాదా" అంది పెరుగవ్వ.

"మరి నీ చేతిలో ఎందుకు కనబడలేదు?" అని మేడం మళ్లీ అడిగింది. పెరుగవ్వ అన్న మాట చెవిలోనే ఉంది. "భయం మేడం. చేతులు చల్లబడి రక్తనాళాలు ముడుచుకుపోయాయి" అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. "అయితే నీ కెమెరా నీ భయాన్ని కూడా పట్టుకుంది" అంది.

సీటు వచ్చింది. కానీ అమ్మోరితో ఆటలా అని అవ్వకే భయం పట్టుకుని, లేని అమ్మవారికి నాకు పసుపూ వేపాకూ పూసి నీళ్లు పోసింది. ఒంటినిండా ఆ పసుపుతోనే సీటు వచ్చిన కబురు చదువుకున్నాను. ఎమ్మిగనూరు బడివాళ్లు ఆ సోషలు ఎవరికి అంటగట్టారో తెలియదు. పెరుగవ్వ మాత్రం బతికున్నన్నాళ్లూ, నేను ఊరికి వచ్చినప్పుడల్లా "నా సెయ్యి పాసయిందా మే" అని అడిగేది.

ఇప్పుడు మా ల్యాబులో చీకటి గది తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతున్నా ఎవరో ఒకరు తోసుకుని వస్తూనే ఉంటారు (వేపమండకున్న మర్యాద దానికెక్కడిది). ఇంటర్వ్యూలలో నేనూ బల్లకు ఇవతల కూర్చుంటున్నాను. ఏ ఊరి నుంచో వచ్చిన పిల్ల చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంటే, ప్రశ్నలు పక్కన పెట్టి ముందు వేడి టీ తెప్పిస్తాను. తాగకపోయినా ఫరవాలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకో అంటాను.