ఒకే వలతో రెండు చెరువులు

బీఎస్సీ జువాలజీ మూడో సంవత్సరంలో ప్రాజెక్టు చేసి తీరాలి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది కాలేజీ చుట్టుపక్కలే అయిపోయే పనులు ఎంచుకున్నారు: దోమ పిల్లలు, వానపాములు, కృష్ణ ఒడ్డున పిట్టల లెక్క. నాకు మా గైడ్ మేడం రొయ్యల చెరువుల్లో ప్లవకాల పని ఇచ్చారు. ప్లవకాలంటే నీళ్లలో తేలుతూ బతికే, కంటికి ఆనని జీవులు. వాటిని లెక్కపెడితే చెరువు ఎలా ఉందో కొంత తెలుస్తుంది. పదిహేను రోజులకోసారి విజయవాడ నుంచి బంటుమిల్లి అవతలికి వెళ్లి, రెండు చెరువుల్లో సన్నటి గుడ్డ వల లాగి, పట్టిన నీళ్లు సీసాల్లో పోసుకుని రావాలి. మొత్తం ఆరు ప్రయాణాలు. ఇది ఐదోది. మీరూ ఇలాంటి పని మీద అటు వెళ్లాల్సి వస్తే దారీ టైమూ తెలుస్తాయని రాస్తున్నాను. ఆ రోజు జరిగింది దాచిపెట్టి దారి ఒక్కటే రాయడం కుదరలేదు.

ఆ శనివారం నాటికి నేను బాగా అలిసిపోయి ఉన్నాను. వారమంతా ఇంటర్నల్ పరీక్షలు, రాత్రుళ్లు రికార్డులు. అమ్మ స్టాఫ్ నర్సు. నన్ను డాక్టర్ని చేయాలనుకుంది. రెండుసార్లు నీట్ రాసి, సీటు రాక, ఈ డిగ్రీలో చేరాను. చర్చిలో ఎవరైనా "ఏం చదువుతోంది మీ అమ్మాయి?" అని అడిగితే అమ్మ "బీఎస్సీ అండీ" అని చిన్నగా చెప్పి మాట మార్చేస్తుంది. నాతోపాటు ఈ ప్రాజెక్టు తీసుకున్న స్నేహితురాలు రెండో ప్రయాణం తర్వాత మానేసింది. ఆ తర్వాత నుంచి ఒక్కదాన్నే మోస్తున్నాను.

భవానీపురంలో ఐదూ పదికి సిటీ బస్సు ఎక్కితే పావుగంటలో బస్టాండ్. గుడివాడ బస్సు ఐదూ ముప్పావుకి కదిలింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు కాబట్టి నాకు బస్సు ఖర్చు లేదు. మగపిల్లలైతే గుడివాడకు డెబ్బై, ఎనభై రూపాయలు పెట్టుకోండి. ఏడుంబావుకి గుడివాడలో దిగాను. బస్టాండ్ బయట తోపుడుబండి మీద ఇడ్లీలు వేసే ఆవిడ దగ్గర నాలుగు ఇడ్లీ, ముప్పై రూపాయలు. బ్యాగులో గలగలలాడుతున్న సీసాలను ఆవిడ ప్రతిసారీ చూస్తుంది. ఆ రోజు అడిగేసింది.

"ఆ సీసాలేంటమ్మా, రక్త పరీక్షలా?"

"కాదండీ. చెరువు నీళ్లు తేవడానికి."

"చెరువు నీళ్లక్కూడా పరీక్షలేనా! మా వోడి పరీక్షలే తెమలట్లేదు," అంటూ ఇంకో గరిటె చట్నీ వేసింది.

ఏడూ నలభైకి బంటుమిల్లి బస్సు. కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను. వరి చేలు ఎక్కడ అయిపోయి చెరువులు ఎక్కడ మొదలయ్యాయో ఐదు ప్రయాణాల్లోనూ చూడలేదు. కళ్లు తెరిచేసరికి రెండు పక్కలా నీళ్లు, నీళ్లకి గాలి పట్టిస్తూ, నురగ కక్కుతూ తిరిగే ఏరేటర్లు. బంటుమిల్లిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అక్కడినుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై.

"మళ్లీ వచ్చారా మేడం," అన్నాడు ఆటో ఆయన. "ఈ పక్క చెరువులు పోతన్నాయండీ. మొన్న మూడు ఖాళీ చేసేశారు."

నేను ఊ కొట్టాను. పోవడమంటే ఏమిటో సగం నిద్రలో పట్టించుకోలేదు.

మొదటి చెరువు రోడ్డు పక్కనే. శ్రీనివాసరావు గారిది. గట్టెక్కి చూస్తే నీళ్లు లేవు. అడుగున నల్లటి బురద ఎండి బీటలు వారుతోంది. బ్లీచింగ్ వాసన ముక్కు మండించేస్తోంది. ఆయన షెడ్డు ముందు మడతమంచం మీద కూర్చుని ఉన్నారు.

"రొయ్యలు పట్టేశామమ్మా. తెల్లమచ్చ. నువ్వొచ్చెళ్లిన మూడో రోజుకే గట్టు వారకి వచ్చి చావటం మొదలెట్టాయి."

"నాకు ఫోన్ చేయాల్సింది కదండీ."

"నీకెందుకు చేస్తానమ్మా? నువ్వేమన్నా రొయ్యలు కొంటావా?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

తెల్లమచ్చ రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు. సోకితే నాలుగైదు రోజుల్లో చెరువంతా పోతుంది. దాని గురించి మాకు ఐదు మార్కుల ప్రశ్న ఉంటుంది. నేను బాగానే రాస్తాను. ఎలా వ్యాపిస్తుంది అనే చోట వరసగా రాస్తాం: జబ్బుపడ్డ రొయ్యపిల్ల, కలుషితమైన నీరు, పీతలు, పక్షులు, ఒక చెరువులో వాడి ఇంకో చెరువులో ముంచిన వలలు.

అక్కడే ఆగిపోయాను. మూడో రోజుకే చావులు మొదలయ్యాయంటే నేను వల ముంచిన నాటికే ఆ చెరువులో జబ్బు ఉంది. అదే వలతో ఆ రోజే రెండో చెరువుకి వెళ్లాను. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్లేటప్పుడు వలని బ్లీచింగ్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడగాలని మేడం మరీ మరీ చెప్పారు. మొదటి రెండుసార్లు చేశాను. మూడోసారి హడావిడిగా చేశాను. నాలుగోసారి ఎండ, తలనొప్పి, బస్సు తప్పిపోతుందన్న భయం. వలని పంటకాలువలో రెండుసార్లు జాడించి ఊరుకున్నాను. నోటుబుక్కులో "వల శుద్ధి" అన్న గడిలో మాత్రం టిక్కు పెట్టుకున్నాను.

వెనక్కి వెళ్లే బస్సు పదింటిలోపే ఉంది. ఎక్కేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు ఆ బస్సు గురించే ఆలోచించాను. ధైర్యం వచ్చి ముందుకెళ్లానని చెప్పను. రెండో చెరువు వైపు వెళ్లే ఆటో ముందొచ్చింది, ఎక్కాను.

రెండో చెరువు నాగమణి గారిది. ఆమె, భర్త రాంబాబు గారు రెండెకరాలు కౌలుకి తీసుకుని సాగు చేస్తున్నారు. పక్క చెరువు ఆమె మరిదిది. నేను వెళ్లేసరికి ఆమె మేత పళ్లెం పైకి లాగి చూస్తున్నారు. మేత తిన్నాయో లేదో చూడటానికి తాడు కట్టి నీళ్లలో దించే పళ్లెం అది. అందులో మేత అలాగే ఉంది.

"రెండ్రోజుల్నించీ తినట్లేదు అమ్మాయ్. మేత అమ్మే కొట్టాయన నీళ్లు మార్చమన్నాడు. మీ బాబాయ్ తూము తీత్తన్నారు."

చూస్తే రాంబాబు గారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి తూము పలక మీద చెయ్యేసి ఉన్నారు. ఆ నీళ్లు పడేది మురుగు కాలువలోకి. దిగువన మరిది చెరువుకి నీళ్లు తోడుకునేది ఆ కాలువ నుంచే.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయ్!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గట్టు వారన నెమ్మదిగా ఈదుతున్న రొయ్యని నాగమణి గారు చేత్తోనే పట్టి ఇచ్చారు. తల మీది పెంకు ఒలిచి, కడిగి, ఎండకి అడ్డంగా పెట్టి చూశాను. సున్నపు చుక్కల్లా తెల్లటి మచ్చలు. ఇంకో రెండింటిలోనూ అంతే.

"పిన్నిగారూ, మీకొక మాట చెప్పాలి," అన్నాను. మొత్తం చెప్పేశాను. శ్రీనివాసరావు గారి చెరువు, వల, కాలువలో జాడించడం, టిక్కు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలోని పళ్లెం కేసే చూశాను.

ముందు రాంబాబు గారు మాట్లాడారు. "చదువుకున్నోళ్లు మీరే ఇట్టా చేత్తే ఎట్టాగమ్మా?" అని, పక్కనున్న బకెట్ గట్టు మీదకి విసిరేసి అటు తిరిగిపోయారు. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నాగమణి గారు పళ్లెం కింద పెట్టి చేతులు చీరకి తుడుచుకున్నారు. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు ముందు."

నాకు తెలిసినంత చెప్పాను. నీళ్లలో క్షారం ఎక్కువైనా ఇలాంటి మచ్చలు రావచ్చు, అందుకని ఖాయంగా అదేనని నేను అనలేను. బందరులో పీసీఆర్ పరీక్ష చేసే ల్యాబ్ ఉంది, అక్కడ తేలుతుంది. అంతవరకూ చుక్క నీరు బయటికి వదలొద్దు. ఈ కాళ్లతో, ఈ బకెట్లతో మరిది చెరువు గట్టెక్కొద్దు.

"ఆ పలక బిగించెయ్యండి," అని ఆమె భర్తతో అన్నారు. ఆయన ఇటు చూడకుండానే పలక బిగించేశారు. తర్వాత ఆమె నాకేసి తిరిగి, "ఎట్టా పట్టుకెళ్లాలో నీకు తెలుసుగా. నువ్వే తీసుకెళ్లు. మేం చెరువొదిలి రాలేం," అన్నారు.

నా బ్యాగులో రెండు రకాల సీసాలుంటాయి, ఫార్మలిన్‌వి, ఆల్కహాల్‌వి. ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్షకు పనికిరాదు. ఆరు రొయ్యల్ని ఆల్కహాల్‌లో వేసి, మూత బిగించి, పేరు, చెరువు, తేదీ రాశాను. నాగమణి గారు పరీక్షకయ్యే డబ్బులిచ్చి, ఒక ప్లాస్టిక్ సీసాలో మజ్జిగ పోసి ఇచ్చారు. ఆ మజ్జిగ అందుకోవడమే ఆ రోజు నాకు అన్నిటికన్నా కష్టమైంది.

పదకొండున్నరకు బయల్దేరాను. పెడన మీదుగా బందరుకి గంటంబావు పట్టింది. ల్యాబ్‌లో ముప్పై ఏళ్లాయన అప్పుడే అన్నం డబ్బా విప్పుకున్నాడు. సీసా ఎత్తి చూశాడు.

"ఫార్మలినా?"

"ఆల్కహాల్ అండీ."

"బతికించారు. సగం మంది ఫార్మలిన్‌లో తెత్తారు, మళ్లీ తెమ్మంటే కొట్టడానికొత్తారు. ఏం చదువుతున్నారు?"

"బీఎస్సీ. మూడో సంవత్సరం."

"నేనూ అదేనండీ," అని డబ్బా మూత పెట్టేసి, లేచి చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కున్నాడు. సాయంత్రానికి ఫోన్ చేస్తానని నాగమణి గారి నంబరు రాసుకున్నాడు.

రెండింటికి విజయవాడ బస్సు. పామర్రు, ఉయ్యూరు ఎప్పుడు దాటామో తెలుసు, ఆ పూట నిద్ర పట్టలేదు. ప్రాజెక్టు కోసం నీళ్లు పట్టుకోలేదన్న సంగతి కంకిపాడు దగ్గర గుర్తొచ్చింది. నాలుగున్నరకు బస్టాండ్‌లో దిగి, భవానీపురం బస్సు కోసం నిలబడ్డాను. జనం ఎక్కువై రెండు బస్సులు వదిలేశాను. ఐదున్నరకు ఫోన్ మోగింది.

"పాజిటివ్ అంటమ్మా," అన్నారు నాగమణి గారు. "రేపు తెల్లారగట్ల పట్టేత్తాం. కిలోకి నూట పది తూగుతాయంట, అంత చిన్నవి. నీళ్లు మటుకు వదలం, అందులోనే బ్లీచింగ్ కొడతాం."

"పిన్నిగారూ, నా వల్లే..."

"అది తేలదమ్మా. కొంగ తెచ్చిందో, ఎండ్రకాయ తెచ్చిందో, కొన్న రొయ్యపిల్లలోనే ఉందో. నువ్వు తెచ్చావేమో కూడా. కాదని నేననను." తర్వాత, "ఇంటికెళ్లావా?" అన్నారు.

సోమవారం మేడంకి నోటుబుక్కు ఇచ్చి, ఆ టిక్కు చూపించి అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి, "ఆ టిక్కు మీద గీత కొట్టెయ్. జరిగింది జరిగినట్టు ప్రాజెక్టులో ఒక పేజీ రాయి. నాలుగో ప్రయాణం లెక్కల కింద అది ఉండాలి," అన్నారు. రాశాను. ఇరవై ఎనిమిది పేజీల్లో పుస్తకాల్లోంచి ఎత్తి రాయనిది ఆ పేజీ ఒక్కటేనేమో. నెల దాటాక నాగమణి గారు ఫోన్ చేసి, మరిది చెరువు నిలబడిందని, మంచి సైజు వచ్చాక పట్టారని చెప్పారు. తమ చెరువు ఎండగడుతున్నారట. రాంబాబు గారు ఎలా ఉన్నారని అడిగితే, "ఉన్నారు," అన్నారు.

ఈ డిగ్రీ నాకు నచ్చిందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అలసట పోలేదు. రేపు మళ్లీ రికార్డులున్నాయి. కానీ జీవశాస్త్రం చదవడమంటే బతికున్నవాటి మధ్యకి వెళ్లడమని, అక్కడికి మనం ఊరికే చూసిపోయే మనుషుల్లా వెళ్లలేమని ఇప్పుడు తెలుసు. మన కాళ్లకి బురద అంటుతుంది, ఆ బురదలో ఏముందో మనకి కనబడదు. మనం ఎంత అలిసిపోయామో దానికి తెలియదు. నేను ఆ రోజు చేసిన పొరపాటు జబ్బు తెచ్చిందో లేదో జన్మలో తెలుసుకోలేను. తెలియకుండానే దాన్ని మోయాలి.

మీరు వెళ్లేటప్పుడు ఒక్క సలహా. ముందురోజు చెరువు వాళ్లకి ఫోన్ చేసి రొయ్యలు మేత తింటున్నాయా అని అడగండి. ఎన్ని చెరువులకి వెళ్తే అన్ని వలలు పట్టుకెళ్లండి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టుకోండి. బ్యాగు బరువవుతుంది, మధ్యాహ్నానికి భుజం లాగేస్తుంది. అయినా మోయండి.